ఒక్క రాత్రి సైకిల్ ట్రిప్పుకి ఏం సామాను, ఏ దారి? (మియాపూర్ నుంచి)

మియాపూర్_సవారీ
శనివారం మధ్యాహ్నం బయల్దేరి ఆదివారం మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరేలా ఒక రాత్రి ట్రిప్పులు మొదలుపెడదామని ఉంది. నా దగ్గరున్నది మామూలు హైబ్రిడ్ సైకిల్. 35 ఎంఎం టైర్లు, ముందు మూడు, వెనక ఎనిమిది గేర్లు. ఒక షాపులో అడిగితే సీటు బ్యాగు, హ్యాండిల్ బ్యాగు, ఫ్రేమ్ బ్యాగు, టెంటు, స్లీపింగ్ బ్యాగు, మ్యాటు అంటూ 32 వేలకి చిట్టా రాసిచ్చారు. సైకిల్ కొన్నదే అంతకి కాదు! ఒక్క రాత్రి బయట పడుకోడానికి ఇదంతా నిజంగా కావాలా?

ఇక దారి. వికారాబాద్ దగ్గరి అనంతగిరి గుట్టలకి అని కొడితే మ్యాప్ ఓసారి చేవెళ్ల హైవే మీదకి, ఓసారి ఔటర్ రింగ్ రోడ్డు మీదకి నెడుతోంది. సామాన్లు కట్టుకుని లారీల పక్కన తొక్కడానికి మనసొప్పట్లేదు. వెళ్లొచ్చినవాళ్లు ఏం కట్టుకెళ్లారో, ఎక్కడ పడుకున్నారో చెప్పండి.

రెండు_చక్రాలు
ఆ చిట్టా పక్కన పెట్టు. ముందు ఎక్కడ పడుకుంటావో తేల్చుకో, సామాను సంగతి సగం అక్కడే తేలిపోతుంది. గది దొరికే చోటైతే టెంటు, మ్యాటు, స్లీపింగ్ బ్యాగు మూడూ అక్కర్లేదు. అనంతగిరిలో టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది, వికారాబాద్ ఊళ్లో లాడ్జీలున్నాయి. ఒక జత బట్టలు, పంక్చర్ సామాను, లైట్లు, ఛార్జర్, నీళ్లు. అంతే కదా. మొదటిసారి అలా వెళ్లు, దారి అలవాటవుతుంది. టెంటు సంగతి తర్వాత.

గేర్_బాబాయ్
లాడ్జీలో పడుకునేదానికి బైక్‌ప్యాకింగ్ (సైకిల్‌కి సామాను కట్టుకుని తిరగడం) అనే పేరెందుకు? బయట పడుకోవడంలోనే ఉంది మజా. మంచి బ్యాగులు ఒకసారి కొంటే పదేళ్లు వస్తాయి. సామాను ఊగకుండా ఫ్రేమ్‌కి దగ్గరగా ఉంటే సైకిల్ ఖాళీగా ఉన్నట్టే నడుస్తుంది. క్యారియర్ వేసి రెండు పక్కలా సంచులు వేలాడదీస్తే గాలి పట్టేస్తుంది, గతుకు వచ్చిన ప్రతిసారీ చప్పుడు.

పెడలమ్మ
బాబాయ్, అది పొడుగువాళ్ల లెక్క. నా ఎత్తు 5 అడుగులు, చిన్న ఫ్రేమ్. సీటుకీ వెనక టైరుకీ మధ్య జానెడు జాగా కూడా ఉండదు. సీటు బ్యాగు నింపితే గతుకులో టైరుకి రాసుకుంటుంది, బ్యాగు అడుగు అరిగిపోతుంది. ఫ్రేమ్ త్రికోణంలో రెండు నీళ్ల సీసాలు పెడితే ఇక బ్యాగుకి చోటెక్కడ? నాలాంటివాళ్లకి క్యారియరే దిక్కు. పైగా హైబ్రిడ్‌కి క్యారియర్ బిగించే రంధ్రాలు చాలావరకు ఉండనే ఉంటాయి. మియాపూర్ తమ్ముడూ, వెనక చక్రం ఇరుసు దగ్గర, సీటు కింద రంధ్రాలున్నాయేమో చూసుకో. ఉంటే నీ పని సులువు.

మియాపూర్_సవారీ
ఉన్నాయక్కా, రెండు చోట్లా ఉన్నాయి.

పెడలమ్మ
అయితే ఒక క్యారియర్, దాని మీద ఒక వాటర్‌ప్రూఫ్ సంచి అడ్డంగా, రెండు కొక్కేల రబ్బరు తాళ్లు. నేను ఇప్పటికీ అలాగే వెళ్తున్నా. తాడు చివర ఎప్పుడూ వదులుగా వేలాడనివ్వకు, చువ్వల్లో పడితే చక్రం టక్కున ఆగిపోతుంది.

టూల్‌కిట్_తాత
క్యారియర్ వేసేవాళ్లకి ఒక మాట. ఆ బోల్టులు ఎం5 సైజువి, చిన్నవి. మన గతుకుల మీద బరువుతో 40 కిలోమీటర్లు పోయేసరికి మెల్లగా వదులవుతాయి. బిగించే ముందు మరకి నీలం రంగు థ్రెడ్‌లాకర్ (బోల్టు వదులవకుండా పట్టుకునే జిగురు) ఒక చుక్క వెయ్యండి. ఎర్రది వద్దు, మళ్లీ ఊడదీయాలంటే ప్రాణం పోతుంది. టీకి ఆగిన ప్రతిచోటా నాలుగు బోల్టులూ వేలితో తాకి చూడండి. ఒకటి రెండు ఎం5 బోల్టులు, నాలుగు జిప్ టైలు, 4 ఎంఎం అలెన్ కీ సంచిలో ఉండాలి. బోల్టు పడిపోతే జిప్ టైతో ఇంటిదాకా వచ్చేయొచ్చు.

ఇంకోటి: డిరైలర్ హ్యాంగర్, అంటే వెనక గేర్లు మార్చే డిరైలర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే ముక్క. సైకిల్ కుడివైపు పడితే ముందు వంగేది అదే. ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటుంది, వికారాబాద్‌లో కాదు కదా సిటీలో కూడా వెతుక్కోవాలి. మీ సైకిల్‌ది ఒకటి ముందే తెప్పించి ఉంచుకోండి. అరచేతిలో పట్టే ముక్క.

చేవెళ్ల_పిలగాడు
దారి సంగతి నేను చెప్త. మొయినాబాద్ నుంచి మన్నెగూడ దాంక మర్రిచెట్ల రోడ్డు పేరుకి మస్తుగుంటది, ఫొటోలల్ల ఇంకా మస్తు. కానీ వెడల్పు పనులు, టిప్పర్లు, దుమ్ము. శని ఆదివారాలు అనంతగిరి పోయే కార్లన్నీ అదే దారి. సామాన్లతోని ఆ రోడ్డు వద్దు.

మియాపూర్ అంటున్నవ్ కదా, లింగంపల్లి, తెల్లాపూర్, కొల్లూర్ మీదికెళ్లి శంకర్‌పల్లి పో. అక్కడికెళ్లి నవాబుపేట, నవాబుపేట నుంచి వికారాబాద్. రైలు పట్టాలకు కొంచెం అటు ఇటుగ పోతది. శంకర్‌పల్లి దాటినంక బండ్లు సగానికి సగం తగ్గిపోతయ్. మొత్తం 70 కిలోమీటర్ల చిల్లర.

బ్రెవే_రాజు
పై పోస్టుకి నా ఓటు. ఔటర్ మీద, అంటే మెయిన్ రోడ్డు మీద, సైకిళ్లకి అనుమతి లేదు. మ్యాప్ మాట విని ఎక్కొద్దు. పక్కన సర్వీస్ రోడ్డు ఉంటుంది. 2023లో తెరిచిన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ కూడా ఉంది, నానక్‌రామ్‌గూడ నుంచి ఒక కొమ్మ, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఒక కొమ్మ, మొత్తం 23 కిలోమీటర్లు. గచ్చిబౌలి వైపు నుంచి వచ్చేవాళ్లు కొల్లూరు దాకా దాని మీద వచ్చి అక్కడ నుంచి శంకర్‌పల్లి రోడ్డు పట్టుకోవచ్చు.

ఎత్తు సంగతి. హైదరాబాద్ సుమారు 540 మీటర్లు, వికారాబాద్ దానికి ఇంకో వంద పైన. మధ్యలో ఎక్కుళ్లూ దిగుళ్లూ ఎన్నున్నా, మొత్తం మీద వెళ్లేటప్పుడు ఎక్కుడే, వచ్చేటప్పుడు దిగుడు. అనంతగిరి గుట్ట చివర్లో గట్టిగా ఎక్కాలి. ముందు చిన్న పళ్ల చక్రం ఉంది కాబట్టి నీకు ఇబ్బంది లేదు.

మియాపూర్_సవారీ
శనివారం రెండింటికి బయల్దేరితే చీకటి పడేలోపు చేరతానా?

బ్రెవే_రాజు
డిసెంబరు మొదట్లో 5:40 దాటితే పొద్దు గూకుతుంది. బరువుతో, టీలతో, గంటకి 15 లెక్కన వేసుకో. చివరి పది పదిహేను కిలోమీటర్లు చీకట్లోనే. అందుకే పన్నెండింటికే కదలాలి, లేదా లైట్లు సరిగ్గా ఉండాలి. ముందు 400 ల్యూమెన్లు, వెనక రెండు ఎర్ర లైట్లు (ఒకటి ఆరిపోయినా ఇంకోటి వెలగాలి), రిఫ్లెక్టర్ జాకెట్. బ్రెవేల్లో (గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ సవారీల్లో) రాత్రి లైట్లు, జాకెట్ లేకపోతే తొక్కనివ్వరు, ఆ నియమం ఊరికే పెట్టలేదు.

చేవెళ్ల_పిలగాడు
లైటు గురించి రాజన్న చెప్పింది పక్కా. వరి కోతలప్పుడు రోడ్డు మీదనే వడ్లు ఆరబోస్తరు. సగం రోడ్డు వడ్లు, అంచుకు బండరాళ్లు పెడ్తరు బండ్లు ఎక్కకుండ. రాత్రి మీద పట్టా కప్పితే నల్లగ కనిపించనే కనిపించదు. అక్టోబర్, నవంబర్ల, మళ్ల ఏప్రిల్, మేల గిదే కథ. రైతును తిట్టకుండ్రి, కల్లం లేక రోడ్డు మీద పోస్తున్నడు. మనమే సూసుకొని పోవాలె. ఊర్ల స్పీడ్ బ్రేకర్లకు రంగు కూడ ఉండదు.

నర్సాపూర్_నడక
అందరూ అనంతగిరే అంటారేంటి? మియాపూర్ నుంచి నర్సాపూర్ ఇంకా దగ్గర. బాచుపల్లి, గండిమైసమ్మ, దుండిగల్, గుమ్మడిదల. గుమ్మడిదల దాటాక అడవి మొదలవుతుంది, రోడ్డు వంపులు తిరుగుతూ వెళ్తుంది. ఓపికుంటే నర్సాపూర్ నుంచి ఇంకో 45 కిలోమీటర్లు పోతే మెదక్. 1924లో పూర్తయిన చర్చి, మెదక్ కోట, ఇంకాస్త అవతల పోచారం చెరువు. ఊళ్లో గదులు దొరుకుతాయి.

రెండు_చక్రాలు
నర్సాపూర్ అడవి బాగుంటుంది, ఒప్పుకుంటా. కానీ గండిమైసమ్మ నుంచి గుమ్మడిదల దాకా ఫ్యాక్టరీల లారీలు. శనివారం మధ్యాహ్నం ఆ రోడ్డు మీద కొత్తవాళ్లని పంపను. తెల్లవారుజామున 4కి బయల్దేరితే అది వేరే రోడ్డు, అప్పుడు పో అంటాను. కిలోమీటర్లు తక్కువని దారి ఎంచుకోకండి. పది ఎక్కువైనా పర్లేదు, పక్కనుంచి పోయే బండ్లు తగ్గాలి.

నర్సాపూర్_నడక
అవును, ఉదయం బయల్దేరేవాళ్ల కోసమే చెప్పా. శనివారం పొద్దున్నే వెళ్లి, రాత్రి మెదక్‌లో ఉండి, ఆదివారం తెల్లవారకముందే కదిలితే పదకొండుకల్లా ఇంట్లో.

గేర్_బాబాయ్
సరే, టెంటు వేసుకునేవాళ్ల గురించి ఎవరూ మాట్లాడట్లేదు. నర్సాపూర్ అడవిలో లోపలికి వెళ్లి వేసుకోవచ్చు కదా?

అడవిదారి
వద్దు. అది రిజర్వ్ ఫారెస్ట్. అటవీ శాఖ అనుమతి లేకుండా లోపల రాత్రి ఉండకూడదు, నిప్పు అసలే రాజేయకూడదు. మెదక్ వైపు చిరుతలు కనిపిస్తూనే ఉన్నాయి. ఫిబ్రవరి నుంచి ఆకు రాలి ఎండిపోయి ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు గుట్టంతా అంటుకోడానికి. అనంతగిరి అయినా అంతే. బయట పడుకోవాలని మనసుంటే అనుమతి ఉన్న క్యాంపు స్థలంలో గానీ, ఊళ్లో అడిగి బడి ఆవరణలోనో గుడి మండపంలోనో గానీ పడుకోండి.

శ్రీశైలం దారిలో వెళ్లాలని ఎవరైనా అనుకుంటే, అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లోంచి పోయే రోడ్డు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గరే ఆపేస్తారు. ఎలాగూ అది ఒక రాత్రి ట్రిప్పు కాదు, 200 కిలోమీటర్ల పైమాటే.

చేవెళ్ల_పిలగాడు
ఇంకో మాట, ఇది అందరు సదవాలె. పొలాల గట్టు మీద, చేన్ల పక్కన అడగకుండ టెంటు ఎయ్యొద్దు. అడవి పందులు వస్తయని కొందరు చేను సుట్టు తీగ కట్టి కరెంటు ఇస్తరు. తప్పే, కేసులు కూడ అయితయ్, అయినా పెడ్తనే ఉన్నరు. మనుషులు పోయిన వార్తలు ఏటా వస్తయ్. రాత్రి ఒంటికి లేచి నాలుగడుగులు పక్కకు పోతే ప్రాణం మీదికొస్తది. పొద్దుండంగనే రైతును కలువు, "అన్నా, ఈ రాత్రికి ఇక్కడ పండుకుంట, తీగలేమన్న ఉన్నయా" అని అడుగు. మంచిగ చెప్తరు. సగం మంది ఇంట్ల పండుకొమ్మంటరు, జొన్నరొట్టె పెడ్తరు.

మియాపూర్_సవారీ
ఇది అస్సలు తెలియదన్నా. చాలా థ్యాంక్స్.

పెడలమ్మ
ఆడవాళ్లుంటే ఇంకొంచెం చూసుకోవాలి. మేం ముగ్గురం వెళ్తాం. ఊళ్లో అడిగేటప్పుడు మగవాళ్లని కాదు, ఇంట్లో అమ్మనో అక్కనో పిలిచి మాట్లాడతాం. బడి దగ్గర పడుకుంటే నీళ్లుంటాయి, బాత్రూం ఉంటుంది, గేటు వేసుకోవచ్చు. పొద్దున్నే ఊడ్చి వచ్చేస్తాం. చీకటి పడ్డాక వెతుక్కునే పనే పెట్టుకోం.

గేర్_బాబాయ్
అయితే టెంటు మీద నా మాట వినండి. మనది దక్కన్ పీఠభూమి, ఎక్కడ చూసినా గ్రానైట్ బండ. మేకు దిగదు. మేకులు లేకుండా తనంతట తాను నిలబడే టెంటే కొనండి, చెరువు గట్టు మీద బండైనా గుడి మండపం అరుగైనా వేసుకోవచ్చు. ఒక చేతికర్రతో నిలబెట్టే తేలిక టెంట్లు బయటి దేశాల వీడియోల్లో బాగుంటాయి, ఇక్కడ రాళ్లేరుకోవాలి. పైకప్పు తీసేస్తే మిగిలేది దోమతెర, వానలేని రాత్రి అది చాలు. గాలి నింపే మ్యాటు కంటే మడతపెట్టే ఫోమ్ మ్యాటు నయం, తుమ్మముల్లు గుచ్చుకున్నా ఏం కాదు.

టూల్‌కిట్_తాత
ఇది మాత్రం బాబాయ్ నూటికి నూరు చెప్పాడు.

కూకట్‌పల్లి_క్రాంక్
చలికి స్లీపింగ్ బ్యాగు తప్పదా? దుప్పటి చాలదా?

రెండు_చక్రాలు
అక్టోబరులో దుప్పటి చాలు. డిసెంబరు, జనవరిలో వికారాబాద్, సంగారెడ్డి, మెదక్ వైపు తెల్లారుజామున పది డిగ్రీల దాకా పడిపోతుంది, ఒక్కోసారి ఇంకా కిందకి. చెరువు పక్కనైతే మంచు కురిసి అన్నీ తడుస్తాయి. అప్పుడు పది డిగ్రీలకి సరిపోయే బ్యాగు, మంకీ క్యాపు. టెంటు జిప్పు కాస్త తెరిచి ఉంచండి, లేకపోతే మన ఊపిరికే లోపలంతా చెమ్మ. ఆ రెండు నెలల కోసం కొనే బదులు అద్దెకి తెచ్చుకోవచ్చు, ట్రెక్కింగ్ సామాను అద్దెకిచ్చేవాళ్లు సిటీలో ఉన్నారు.

పల్లేరుకాయ
ఇప్పటిదాకా టైర్ల గురించి ఎవరూ మాట్లాడలేదేంటి? మన ట్రిప్పులు ఆగేది అక్కడే. వానలయ్యాక రోడ్డు అంచు గడ్డిలో పల్లేరుకాయలు, దారి పొడవునా సర్కారు తుమ్మ ముళ్లు. లారీ వచ్చిందని మట్టిలోకి దిగిన ప్రతిసారీ ఏదో ఒకటి ఎక్కుతుంది.

35 ఎంఎం చాలు, కొత్త టైర్లు అక్కర్లేదు. సామాన్లతో గాలి వెనక 60, ముందు 50 పీఎస్‌ఐ పెట్టు. టైరుకీ ట్యూబుకీ మధ్య ముళ్లు ఆపే పట్టీ వేయించు, కాస్త బరువే కానీ నిశ్చింత. రెండు ట్యూబులు, ప్యాచ్‌లు, చిన్న పంపు. పంక్చర్ పడ్డాక తొందరపడి కొత్త ట్యూబు వేసెయ్యకు. టైరు లోపల చుట్టూ చిన్న దూది ముక్క పెట్టి నెమ్మదిగా రాయి. ముల్లు మొన ఉన్నచోట దూది పోగు పట్టుకుంటుంది. వేలికి తగలని ముల్లు కూడా దొరికిపోతుంది. అది తీయకుండా వేస్తే పది నిమిషాల్లో మళ్లీ అదే కథ.

కూకట్‌పల్లి_క్రాంక్
ట్యూబ్‌లెస్ చేయించుకుంటే ఈ గొడవే ఉండదు కదా?

పల్లేరుకాయ
రిమ్ము దానికి తగ్గది అయితే చేయించుకో, ముళ్లకి దాన్ని మించింది లేదు. మామూలు హైబ్రిడ్ రిమ్ముల్లో చాలావాటికి కుదరదు. అవి మార్చాలంటే చక్రాలే మార్చాలి, మళ్లీ ఆ 32 వేల చిట్టా దగ్గరికే వస్తాం.

మరిచిపోయా. సన్న వాల్వు, అంటే ప్రెస్టా ఉన్నవాళ్లు ఇత్తడి అడాప్టర్ ఒకటి టూల్ పౌచ్‌లో పెట్టుకోండి. ఊళ్లో పంక్చర్ షాపు కంప్రెసర్‌కి మోటర్ సైకిల్ వాల్వే పడుతుంది. అది లేకపోతే అంత గాలి పక్కనే ఉన్నా చేతి పంపు కొట్టుకోవాల్సిందే.

రాచకొండ_ఫ్యాన్
అంతా పడమర, ఉత్తరం తిరుగుతున్నారు. తూర్పు వైపు వాళ్లు రాచకొండ చూడండి. ఉప్పల్, ఎల్బీనగర్ నుంచి ఇబ్రహీంపట్నం, మంచాల మీదుగా. రేచర్ల పద్మనాయకుల రాజధాని, కోట బురుజులు, గుట్టల మధ్య చిన్న రోడ్డు. బండ్లు చాలా తక్కువ.

అటు ఇంకో లాభం, నేల. చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు చాలాచోట్ల నల్లరేగడి. తడిస్తే టైరుకి పేరుకుని బ్రేకుల దగ్గర బిగుసుకుపోతుంది, చక్రం తిరగదు, సైకిల్ మోసుకోవాల్సిందే. రాచకొండ వైపు ఎర్ర చెల్క, వాన వెలిసిన కొద్దిసేపటికే తొక్కొచ్చు. జూలై, ఆగస్టుల్లో మట్టిదారి కావాలంటే నేను అటే పోతాను.

బ్రెవే_రాజు
నేల గురించి బాగా చెప్పారు. దానికి గాలి కూడా కలపండి. జూన్ నుంచి ఆగస్టు దాకా గాలి పడమర నుంచి గట్టిగా కొడుతుంది. వికారాబాద్ వెళ్లేటప్పుడు ఎదురుగాలి, పైగా ఎక్కుడు. వచ్చేటప్పుడు రెండూ మనవైపే. రాచకొండకైతే తిరగబడుతుంది, అలసిపోయిన ఆదివారం నాడు ఇంటిదారిలో ఎదురుగాలి. అందుకే వానాకాలంలో వికారాబాద్ తారురోడ్డు పట్టుకుని వెళ్లడమే నా లెక్క.

రాచకొండ_ఫ్యాన్
ఎదురుగాలి అయినా బురద మోయడం కంటే మేలు.

ఉప్పల్_ఉదయం
రాచకొండలో రాత్రి ఉండటానికి ఏముంది?

రాచకొండ_ఫ్యాన్
గదులు లేవు. కోట దగ్గర కూడా అడవే, అడవిదారి చెప్పిన మాటే అక్కడా. కింద ఊళ్లో అడిగి ఉండాలి. తిండి ముందే కట్టుకెళ్లండి, గుట్టల్లోకి పోయాక కొట్లు తక్కువ. మనిషికి 3 లీటర్ల నీళ్లు.

మియాపూర్_సవారీ
తిండి ఏం తీసుకెళ్తారు? స్టవ్ కావాలా?

పెడలమ్మ
ఒక రాత్రికి స్టవ్ ఎందుకు తమ్ముడూ. చపాతీలు, పల్లీ పొడి, అరటిపళ్లు, పల్లీ పట్టీలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. రాత్రికి పులిహోర కట్టుకుంటే పొద్దున్నకి కూడా బాగుంటుంది, పెరుగన్నం మాత్రం వద్దు. దారిలో మజ్జిగ ఎక్కడ కనపడినా తాగు.

చేవెళ్ల_పిలగాడు
వికారాబాద్‌ల పొద్దుగాల టిఫిన్ సెంటర్లు తొందరగనే తెరుస్తరు. పప్పు తింటే తాండూరు కందిపప్పు తినాలె, 2022ల జీఐ గుర్తింపు (ఆ ప్రాంతం సరుకని ఇచ్చే గుర్తు) గూడ వచ్చింది దానికి. కిలో కొని సంచిల వేసుకో, ఇంట్ల అమ్మ మళ్ల పోనిస్తది.

గేర్_బాబాయ్
ఇంట్లో పర్మిషన్‌కి ఇంతకంటే మంచి గేర్ లేదు!

కూకట్‌పల్లి_క్రాంక్
కుక్కలు? నాకు అదొక్కటే భయం.

రెండు_చక్రాలు
ఆగిపో. వేగం పెంచితే వెంటపడతాయి. దిగి, సైకిల్‌ని దానికీ నీకూ మధ్య ఉంచుకుని, అరవకుండా నడువు. చాలావరకు తమ హద్దు దాటి రావు. నడుస్తూ హద్దు దాటాక మళ్లీ ఎక్కు.

మియాపూర్_సవారీ
వచ్చేటప్పుడు కాళ్లు సహకరించకపోతే వికారాబాద్ నుంచి రైల్లో సైకిల్ తెచ్చుకోవచ్చా?

బ్రెవే_రాజు
రైల్లో సైకిల్‌కి ఉచిత లగేజీ వర్తించదు, బ్రేక్ వ్యాన్‌లోకి బుక్ చేయాలి. వికారాబాద్‌లో రైలు ఆగేది కొద్ది నిమిషాలు, పార్సిల్ ఆఫీసు టైము కూడా చూసుకోవాలి. దాన్ని నమ్ముకుని బయల్దేరకు.

చేవెళ్ల_పిలగాడు
రైలెందుకు, మా దిక్కు నుంచి రోజూ తెల్లారకముందే కూరగాయల ట్రాలీలు సిటీకొస్తయ్. ముందు రోజు రాత్రి డ్రైవర్‌తోని మాట్లాడుకో. టమాట పెట్టెల మీద సైకిల్ పండుకోబెట్టి తాడు కడ్తరు. చైన్ దిక్కు పైకి ఉండేటట్టు పెట్టమను, నూనె పెట్టెలకు అంటొద్దు.

టూల్‌కిట్_తాత
చైన్ పైకి ఉంటే డిరైలర్ కూడా పైనే ఉంటుంది, బరువు దాని మీద పడదు. సరిగ్గా చెప్పాడు.

మియాపూర్_సవారీ
సరే, నా లెక్క ఇది. క్యారియర్, వాటర్‌ప్రూఫ్ సంచి, రబ్బరు తాళ్లు, ముళ్ల పట్టీ, వెనకకి ఇంకో లైటు, హ్యాంగర్. ఇవే కొంటున్నా. డిసెంబరు మొదటి శనివారం పన్నెండుకి శంకర్‌పల్లి, నవాబుపేట దారిలో వికారాబాద్, రాత్రి లాడ్జీ. ఆదివారం పొద్దున్నే కోటిపల్లి చెరువు చూసుకుని వెనక్కి రావచ్చా?

రెండు_చక్రాలు
కోటిపల్లి వికారాబాద్ నుంచి ఇంకా అవతలికి, దాదాపు 20 కిలోమీటర్లు. రానుపోను 40 కలుస్తుంది, ఆదివారం మధ్యాహ్నానికి ఇల్లు చేరలేవు. ఈసారి అనంతగిరి గుడి దాకా ఎక్కి దిగిపో, మూసీ పుట్టేది ఆ గుట్టల్లోనే. ఏడున్నర లోపు దిగిపోవాలి, ఆ తర్వాత కార్లు మొదలవుతాయి.

పెడలమ్మ
మేమూ అదే వారం వెళ్దామనుకుంటున్నాం, కాకపోతే మాకు బడి దగ్గరే మకాం. శంకర్‌పల్లి స్టేషన్ దగ్గర రెండింటికి టీ తాగుతాం. వస్తే కలువు, నీ క్యారియర్ బోల్టులు తాతగారి పద్ధతిలో ఓసారి చూసేద్దాం.

ఉప్పల్_ఉదయం
రాచకొండకి నవంబరులో ఎవరైనా వస్తారా? ఎల్బీనగర్ నుంచి పొద్దున 5కి. నా దగ్గర ఇద్దరికి సరిపోయే టెంటు ఉంది, మేకుల్లేకుండా నిలబడేదే.

రాచకొండ_ఫ్యాన్
నేనొస్తా. మంచాలలో ఓ పెద్దాయన తెలుసు, ముందే మాట్లాడి పెడతా.